ఉప్పుకోట అయిదో భాగం

వచ్చేసింది. తరళ ఇంటికి వచ్చేసింది. జయరాజు పుస్తకం మూసి, మళ్లీ తెరిచి, ఆఖరి పేజీ వెనక ఇంకేమైనా మిగిలిందేమోనని తిప్పి చూశాడు. అచ్చు వేసినవాళ్ల చిరునామా ఉంది, అంతే. అయిదు భాగాలు, రెండు వేల పైచిలుకు పేజీలు, ఏడేళ్లు, అంతా అయిపోయింది. బస్సు మాత్రం ముదిగుబ్బ దాటి అనంతపురం దిక్కుగా అదే ఊపున పోతూనే ఉంది. కండక్టరు అదే గొంతుతో టికెట్ టికెట్ అంటున్నాడు. ముందు సీట్లో ఎవరో చెనిక్కాయలు వొలిచి పొట్టు కిటికీలోంచి వదిలితే అది గాలికి తిరిగొచ్చి జయరాజు చొక్కా మీదే పడుతోంది. లోకంలో ఎవరికీ ఏమీ జరగనట్టే ఉంది. అక్కడ చూస్తే, ఉప్పుకోట సింహాసనం ఎక్కమని ఊరూ వాడా కాళ్లావేళ్లా పడినా వద్దని చెప్పి, మూడు పగళ్లు ఉప్పుమళ్ల వెంబడి నడిచి, ఆ పిల్ల తన గుడిసె ముందుకొచ్చి నిలబడింది. వాళ్ల నాన్న కుంభయ్య మడిలో ఉప్పు గోకుతున్నాడు. తల తిప్పి కూడా చూడలేదు. "గాలి మారింది. వచ్చావా తల్లీ. కాళ్లు కడుక్కో, అన్నం ఉంది" అన్నాడు. ఆ మాటతో అయిపోయింది కథ. ఎంత మాట అన్నావయ్యా కుంభయ్యా, మొదటి భాగంలో ఆరు పేజీలు కనిపించి మళ్లీ నాలుగు భాగాల దాకా అయిపూ జాడా లేకుండా పోయావు, ఆ రచయిత్రి నిన్ను మరిచిపోయిందనే అనుకున్నాను, ఎన్నిసార్లు తిట్టుకున్నాను ఆమెను, చూడు, ఈ ఒక్క మాట కోసం నిన్ను అట్లా దాచిపెట్టింది. జయరాజు కళ్లు తుడుచుకున్నాడు. తుడుచుకున్నకొద్దీ వస్తున్నాయి. బోరు మోటార్లకు వైండింగ్ కట్టే మనిషి, నలభై నాలుగేళ్లవాడు, మీసాలున్నవాడు, ఆదివారం పూట నిండు బస్సులో ఇట్లా ఏడవడమేమిటని సిగ్గుపడి జేబురుమాలు తీశాడు. అందులోంచి వార్నిష్ వాసన ముక్కుకు కొట్టి ఇంకా ఎక్కువ నీళ్లొచ్చాయి.

పక్క సీట్లో మారెక్క అని ఒక ముసలామె ఉంది. కదిరిలో ఎక్కిన క్షణం నుంచి బత్తలపల్లిలో ఉన్న చెల్లెలి గురించి, ఆమె మోకాళ్ల గురించి, ఆమె కోసం తీసుకుపోతున్న కోడిపెట్ట గురించి చెబుతూనే ఉంది, జయరాజు ఊఁ కొడుతూ చదువుకుంటూనే ఉన్నాడు. ఇప్పుడు ఆమె వైరుబుట్టలోంచి కోడి తల బయటకు పెట్టి అతణ్ణి చూస్తోంది, ఆమె కూడా అట్లాగే చూస్తోంది.

"ఏమప్పా, ఎందుకేడుస్తాండావు? ఎవురన్నా పోయినారా?"

"పోల్యా పెద్దమ్మా. వచ్చింది."

"ఎవురొచ్చింది?"

"ఒక పాప. ఈ పుస్తకంలో. ఇల్లిడిచి ఏడేండ్లయింది, ఇప్పుడొచ్చింది."

"పిల్ల ఇల్లు చేరితే నవ్వల్ల గానీ ఏడుస్తారా ఎవురన్నా?" అంది మారెక్క. మళ్లీ తనే, "ఉంటాదా, నాలుగు దినాలుండి మళ్లా పోతాదా?" అని అడిగింది.

"అది రాయల్యా పెద్దమ్మా."

"రాయకపోతే ఎట్ల? అదే కదప్పా అసలు సంగతి" అని ఆమె కోడి తలను బుట్టలోకి నొక్కి, కొంగు కప్పి, కిటికీ వైపు తిరిగి కునుకు తీయడం మొదలుపెట్టింది.

నిజమే, అదే అసలు సంగతి, అనుకున్నాడు జయరాజు, అసలు సంగతి రాయకుండా పుస్తకం ఎట్లా ముగిస్తారు. మళ్లీ మనసే సర్దిచెప్పింది, ఉంటుందిలే, నాలుగు దిక్కుల గాలులనూ బురుజుల్లోంచి విడిపించిన పిల్ల, కావాలనుకుంటే ఎక్కడైనా ఉండగలిగిన పిల్ల, వెతుక్కుంటూ ఇంటికొచ్చిందంటే ఉండడానికే కదా. బయట ఎర్రమన్ను, రాళ్లు, మళ్లీ ఎర్రమన్ను, చెనిక్కాయ పైరు అరచెయ్యంత ఎత్తున వానకోసం చూస్తూ నిలబడి ఉంది. ఇంకో వారంలో ఒక తడి పడకపోతే అందరి మోటార్లూ రాత్రింబగళ్లు తిరుగుతాయి, తిరిగినవి కాలతాయి, కాలినవన్నీ తన అంగడికొస్తాయి. మొన్న శుక్రవారం గోవిందప్ప మోటారు అట్లాగే వచ్చింది. నీళ్లు నిలిచిపోయినాయి, పైరు వాడిపోతాంది, బిరీన కట్టియ్యి జయరాజన్నా అని ఆయన అంగడి ముందు ఎండలో నిలబడ్డాడు. లోపల జయరాజు మోటారు పక్కన పెట్టుకుని, పడమటి బురుజు తలుపు తెరుచుకుంటుందో లేదో చూడకుండా చెయ్యి ఆడక, రెండు అధ్యాయాలు చదివేదాకా ఆయనను నిలబెట్టాడు. దేవుడు క్షమిస్తాడో లేదో గానీ గోవిందప్పకు తెలిస్తే క్షమించడు. అయినా ఆ రెండు అధ్యాయాలు ఎట్లాంటివి, గూడబాతు చిట్టెం తన ముక్కుసంచిలో ఆఖరి గాలిని దాచుకుని, గాలులను బంధించిన మౌనరాజు కాపలావాళ్ల ముందే నడిచిపోతూ, నోరు తెరిస్తే గాలి బయటపడుతుంది కాబట్టి పుట్టినప్పటినుంచీ ఒక్క నిమిషం నోరు మూయని పక్షి వంద మెట్లు మాట్లాడకుండా ఎక్కింది. జయరాజు అంగట్లో ఒక్కడే పగలబడి నవ్వాడు, బయటినుంచి గోవిందప్ప, ఏమన్నా, తీగ నవ్విస్తాందా అన్నాడు.

నవ్విన తర్వాత చప్పున నోరు మూసుకున్నాడు, ఎందుకంటే ఆ నవ్వు దొంగనవ్వు, కూతురు సారా పక్కన లేకుండా నవ్విన నవ్వు. ఒట్టు పెట్టుకున్నారు ఇద్దరూ. అయిదో భాగం ఎప్పుడొచ్చినా ఇద్దరం కలిసే చదవాలి, ఒక పేజీ నువ్వు, ఒక పేజీ నేను, ఎవరూ ముందు చూడకూడదు. సారాకు పదేళ్లప్పుడు మొదలైంది ఇదంతా. బళ్లో వ్యాసరచనలో రెండో బహుమతిగా మొదటి భాగం ఇచ్చారు, ఇచ్చిన మరునాడే పిల్లకు జ్వరం, కీళ్ల నొప్పులు, కళ్లు తెరిస్తే మంట. నాయనా, నువ్వు చదివి చెప్పు అంది. తాను పదో తరగతి తర్వాత మోటారు డబ్బాల మీద అక్షరాలు తప్ప ఇంకేమీ చదివినవాడు కాదు. వేలు పెట్టి, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివాడు, వేలు కింద నల్లటి గీత పడింది, ఆ గీత మొదటి భాగం నలభై పేజీల దాకా ఇప్పటికీ ఉంది. పిల్ల జ్వరంలోనే నవ్వేది, నాయనా అది మౌనరాజు, మోనరాజు కాదు. నలభై ఒకటో పేజీనుంచి వేలు అక్కరలేకపోయింది. రెండో భాగం కరెంటు పోయినప్పుడల్లా మిద్దె మీద చదివారు, మూడో భాగం వచ్చేసరికి కరోనా, అంగడి మూత, ఎక్కడికీ పోయేది లేదు, మూడుసార్లు చదివారు, భార్య కదిరమ్మ వంటింట్లోంచి, ఆ గాలిపిల్ల ఇంకా ఇల్లు చేరలేదా మీ ఇద్దరి దుంపతెగ, అన్నం చల్లారిపోతాంది అని కేకలు వేసేది. నాలుగో భాగం ఒక్క రోజులో అయిపోయింది, అప్పటికి సారా చదివే వేగం తనకు అందేది కాదు, తన పేజీ వచ్చినప్పుడు ఎగిరెగిరి పడేది, తొందరగా నాయనా, తొందరగా. ఆ తర్వాత మూడేళ్లు ఆ రచయిత్రి పలకలేదు. పదో తరగతి అయిపోయింది, సారా అనంతపురంలో హాస్టలున్న కాలేజీలో చేరింది, నెలకొక్క ఆదివారం తప్ప చూడనివ్వరు. అప్పుడొచ్చింది పుస్తకం, మొన్న గురువారం, పార్సిల్లో. తాడు విప్పి వాసన చూద్దామనుకున్నాడు, అంతే. వాసన చూశాక అట్ట చూద్దామనుకున్నాడు. మోటారు తీగలకు పూసిన వార్నిష్ ఆరేదాకా ఊరికే కూర్చోవడమెందుకు, మొదటి వాక్యం ఒక్కటి చూస్తే ఏమవుతుందిలే అనుకున్నాడు. ఆ వాక్యం 'ఆ ఉదయం ఉప్పుకోటలో గాలి తన పేరు తానే మరిచిపోయింది' అని ఉంటే, తర్వాత ఏమైందో చూడకుండా పుస్తకం మూసేవాడు మనిషా?

సరే, చదివాడు, అది చిన్న తప్పు. పెద్ద తప్పు కాదు, ఆ పిల్ల ముందు మొహం మామూలుగా పెట్టి, అప్పుడే తెరిచినట్టు నటిస్తూ, చిట్టెం మెట్లెక్కే చోట కొత్తగా నవ్వి, బయటపడవచ్చు. కానీ తరళ ఇంటికి వచ్చేసింది. ఈ మాట ఇందాకటినుంచీ తేనెలాగా మనసులో ఊరుతున్నది కాస్తా ఇప్పుడు గొంతులో ముల్లులాగా అడ్డం తిరిగింది. జయరాజు సీట్లో నిటారుగా కూర్చున్నాడు. పది రోజుల కిందట వార్డెన్ ఫోనులోంచి సారా మాట్లాడింది, మూడు నిమిషాలే ఇస్తారు, ఆఖరున అంది, "నాయనా, నాకీడ బాగల్యా. నేను వచ్చేస్తా." ఆ గొంతు చిన్నప్పుడు జ్వరంలో ఉన్నప్పటి గొంతు. తానేం చెప్పాడు, ఆదివారం వస్తా పాపా, అయిదో భాగం వస్తాందంట, తెస్తా, అన్నాడు. ఫోను పెట్టేశాక ఆ రాత్రి నిద్ర లేదు, మరునాడూ లేదు. కదిరమ్మకు చెప్పలేదు, చెబితే ఆమె ఆ పూటకే బస్సెక్కి పోయి పిల్లను వెంటబెట్టుకుని వస్తుంది. ఇప్పుడు చూడు, అదే పిల్ల దగ్గరికి, అంతా వదిలేసి ఇంటికొచ్చిన తరళను సంచిలో పెట్టుకుని పోతున్నాడు. ఏడేళ్లుగా ఆ పిల్ల తరళ ఏం చేస్తే అది చేసింది, జడ కూడా అట్లాగే పక్కకు వేసుకునేది. ఇది చదివి, చూసినావా నాయనా, తరళ కూడా వచ్చేసింది అంటే ఏం చెబుతావు? కాదు, నువ్వు ఉండు, తరళ వేరే అంటావా? లెక్కలంటే ప్రాణం పిల్లకు, ఇంజినీరు అవుతానంది, నీ మోటార్లు కాలకుండా చేస్తా నాయనా, అప్పుడు నీకు అంగడుండదు, అని నవ్వింది. అట్లాంటి పిల్లను నేనే నా చేతులతో...

పార్సిల్ రాలేదని చెబితే? బొటనవేలు దానంతటదే పుస్తకం వీపు మీదికి పోయింది. పనివాడి చెయ్యి అది, ఏ కుట్టు ఎక్కడ విప్పితే ఏది ఊడి వస్తుందో దానికి తెలుసు, ఆఖరి ఆరు పేజీలూ చప్పుడు లేకుండా ఊడదీయవచ్చు. అచ్చులోనే పోయాయి పాపా అనవచ్చు. సింహాసనం ముందు తరళ నిలబడి ఉంటుంది, తర్వాత ఏమైందో మనమే అనుకుందాం అనవచ్చు. కుంభయ్య మడిలో వంగి ఉప్పు గోకుతున్న బొమ్మ కళ్ల ముందు కదిలింది. ఆయన తల తిప్పకుండానే, వచ్చావా తల్లీ అంటున్నాడు. ఛీ, ఆ మనిషి నోట్లోంచి ఆ మాట ఎట్లా లాక్కుంటాను, అనుకుని చెయ్యి వెనక్కు తీసుకున్నాడు. దూరంగా కొండల మీద గాలిమరలు వరసగా తిరుగుతున్నాయి, ఒకటి మాత్రం ఆగి ఉంది. అన్నిటికంటే ముందు తనకే ఒక సంగతి తెలియాలి. ఆ పిల్ల నిజంగా వచ్చేస్తానంటే తనకు దుఃఖమా, సంతోషమా? ఇందాక కారిన కన్నీళ్లు దేనికి? నిజం చెప్పు జయరాజూ, బస్సులో ఎవరూ వినడం లేదు, మారెక్క నిద్రపోయింది. సాయంత్రం అంగడి మూసి ఇంటికి పోయేసరికి ఇల్లు ఎట్లా ఉంటోంది, కదిరమ్మ టీవీ గొంతు పెంచుతుంది, తాను మిద్దె ఎక్కి మూడో భాగం తిరగేస్తాడు, సారా పేజీ వచ్చినప్పుడు అలవాటుకొద్దీ ఆగుతాడు. తరళ రావాలని ఏడేళ్లుగా కోరుకున్నది తరళ కోసమేనా? బస్సు గుంతలో పడి లేచింది, కోడి కొక్కొక్కో అంది, మారెక్క ఉలిక్కిపడి బత్తలపల్లా అంది. బత్తలపల్లే. ఆమె దిగుతూ, "ఆ పాపను బాగా చూసుకోమను" అని చెప్పిపోయింది. ఎవరిని చూసుకోమనాలో, ఎవరు చూసుకోవాలో ఆమెకే తెలియాలి. అక్కడినుంచి అనంతపురం దాకా జయరాజు ఇంకేమీ తేల్చుకోలేదు. రమ్మంటే తీసుకుపోవాలా, ఉండమని చెప్పాలా, రెండు జవాబులూ రెండు చేతుల్లో పట్టుకుని బస్సు దిగాడు.

హాస్టలు గేటు ముందు రేకుల నీడలో తల్లులూ తండ్రులూ క్యారియర్లు విప్పుకుని కూర్చున్నారు. సారా పరుగెత్తుకొచ్చింది. చిక్కలేదు, కొంచెం నల్లబడింది. కదిరమ్మ చేసి పంపిన తీపి ఓళిగల డబ్బా వైపు చూడలేదు, సంచిలోంచి పుస్తకం లాక్కుని అట్టను ముద్దు పెట్టుకుంది. తర్వాత తలెత్తి వాళ్ల నాయన మొహంలోకి చూసింది. చూస్తూనే ఉంది.

"చదివేసినావు."

"ల్యా పాపా."

"నాయనా. కండ్లు ఎర్రగుండాయి. చదివేసినావు."

"చదివినా" అన్నాడు జయరాజు. "వాసన చూద్దామనుకున్యా. మొత్తం చదివేసినా. తప్పయిపోయింది."

సారా అలిగి అటు తిరిగి కూర్చుంది. ఒక ఓళిగ తినింది, రెండోది తినింది. తర్వాత వెనక్కు తిరగకుండానే, "సరే, చివర చెప్పు" అంది.

"చెప్పకూడదు."

"రేపు ఫిజిక్స్ టెస్టుండాది. చివర తెలీకపోతే నాకు ఒక్క లెక్క ఎక్కదు. నువ్వే కదా ఒట్టు తప్పినావు, నువ్వే చెప్పు."

దాచడం తన చేత కాదని అప్పుడే తెలిసిపోయింది. అంతా చెప్పాడు. చిట్టెం వంద మెట్లూ చెప్పాడు, పిల్ల ఇటు తిరిగి పడీపడీ నవ్వింది. సింహాసనం దగ్గర నెమ్మదించాడు, ఉప్పుమళ్ల వెంబడి మూడు పగళ్లూ నడిపించాడు, గుడిసె ముందు నిలబెట్టాడు. కుంభయ్య మాట దగ్గరికొచ్చి, "వచ్చావా తల్లీ. కాళ్లు కడుక్కో, అన్నం ఉంది" అని పూర్తి చేసి, పిల్ల కళ్లలోకి చూశాడు. ఇప్పుడు అంటుంది. ఇప్పుడే అంటుంది.

"అంతేనా?" అంది సారా.

"అంతే."

"ఇంటికొచ్చేసిందా?"

"వచ్చేసింది."

"ఛీ!" అని సారా లేచి నిలబడింది. "నాలుగు బురుజులు పగలగొట్టిన మనిషి, అన్నం తినేదానికి వచ్చేసిందా? ఆ కోటలో జనాలెట్ల బతుకుతారు మళ్లా? ఇంకో మౌనరాజు వస్తే? ఏమే లావణ్యా, ఈడికి రా! చివర విన్యావంటే నీకు మండిపోతాది!"

లావణ్య అనే పిల్ల చేతిలో అన్నం ముద్దతోనే వాళ్లమ్మను వదిలి పరుగెత్తుకొచ్చింది, ఇంకో ఇద్దరు ఆమె వెనక. నాలుగు భాగాలూ వాళ్లకు తెలుసు. రోజూ మెస్సులో అన్నం తినేటప్పుడు సారా చెబుతుందట, పక్క బల్లలవాళ్లు కూడా పళ్లేలు తెచ్చుకుని కూర్చుంటారట. నలుగురూ ఒకేసారి మాట్లాడుతున్నారు. లావణ్యేమో, పాపం వాళ్ల నాయన ముసలోడే, రావడమే మంచిది అంటోంది. సారా ఆమె మీద విరుచుకుపడుతోంది. జయరాజు ఆ మొహాలను ఒకటొకటిగా చూసి, మెల్లగా కూతురి మోచెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు.

"పాపా, మరి నువ్వు ఆ దినం ఫోన్లో... వచ్చేస్తా అంటివి కదా."

"ఎప్పుడు?" అంది సారా. జ్ఞాపకం తెచ్చుకుని నాలుక కరుచుకుంది. "అదా! ఆ పొద్దు లావణ్యకూ నాకూ మాటల్లేవు నాయనా. శానా ఏడ్సినాంలే ఇద్దరం. మళ్లా దినం కలిసిపోయినాం."

పది రోజుల నిద్ర ఒక్కసారిగా వచ్చి భుజాల మీద పడినట్టయింది జయరాజుకు. మళ్లా దినమే, మరునాడే! హమ్మయ్య అనుకున్నాడు, అంతలోనే ఎక్కడో సూది గుచ్చుకున్నట్టు కూడా అయింది. ఆ గుచ్చుకున్న చోటును చేత్తో తడిమి చూసుకోవాలనిపించింది. రాదు. పిల్ల రాదు. రమ్మన్నా రాదు. నవ్వొచ్చింది, ఆపుకోలేనంత నవ్వు, దానికి సారా ఇంకా మండిపడి స్నేహితుల వైపు తిరిగి చేతులు తిప్పుతూ చెప్పింది.

"మా నాయన ఎప్పుడూ ఇంతేలే. లోకంలో ఎవురు యాడికి పోయినా పొద్దు గుంకేలోపల ఇంటికి రావల్ల ఆయప్పకి!"

"రావల్ల!" అన్నాడు జయరాజు గట్టిగా. "ఎందుకు రాకూడదు? కోట యాడికీ పోదు. నాయన ఎన్ని దినాలుంటాడు? ఆ మనిషి ఒక్కడే ఏడేండ్లు ఉప్పు గోకినాడు, ఆ మాట ఒక్కరన్నా అడిగినారా?"

"అయితే ఆయప్పనే కోటకు తెచ్చుకోవల్ల!"

"ఉప్పుమడి ఎవురు చూస్తారు?"

"నాయనా, అది రాజ్యం! మడికోసం రాజ్యం ఇడుస్తారా?"

ఆ తర్వాత ఎవరు ఏమన్నారో ఎవరికీ సరిగా వినబడలేదు. లావణ్య వాళ్లమ్మ జయరాజు పక్షం వచ్చింది, వచ్చి రెండు నిమిషాల్లో సారా వైపు మారింది. ఓళిగలు అయిపోయాయి. ఇద్దరు అబద్ధమని, ఇద్దరు అన్యాయమని, ఒకరు ఆరో భాగం రాయమని ఉత్తరం రాద్దామని. అయిదు గంటలకు బెల్లు కొట్టారు. సారా పుస్తకాన్ని చున్నీ కింద దాచుకుని, "మొత్తం చదివి నీ పని చెప్తా" అని వాళ్ల నాయన భుజం మీద ఒకటి చరిచి, లావణ్యతో వాదిస్తూ, చేతులు ఊపుతూ లోపలికి పోయింది. మెట్ల దాకా పోయింది, మెట్లెక్కింది, వెనక్కు తిరిగి చూడలేదు. జయరాజు గేటు కమ్మీ పట్టుకుని ఆమె గొంతు వినిపించినంతసేపూ నిలబడ్డాడు.

గేటు వేస్తున్న వాచ్‌మన్ తిమ్మప్ప మధ్యాహ్నం నుంచీ ఆ కేకలు వింటున్నవాడు, జాలిగా దగ్గరికొచ్చాడు.

"ఏమప్పా, పాపతో కొట్లాడినావా?"

"కొట్లాడినా అన్నా."

"పోన్లే. చిన్నపిల్ల, నువ్వన్నా తగ్గింటే పోయేది కదా."

"నేనెందుకు తగ్గుతా?" అన్నాడు జయరాజు, ఖాళీ డబ్బా చంకలో పెట్టుకుంటూ. "వచ్చే నెల మళ్లా వస్తాండా."